పదో గుండీ

"ఆ గుండీ ఇచ్చెయ్యండి అత్తయ్యా, వెళ్ళిపోతాను."

కోడలు గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. చంకలో అట్టకు బిగించిన కాగితం, చాచిన అరచేతిలో తొమ్మిది ఎర్ర గుండీలు. ఆమె ముఖం ఆ గుండీలకంటే ఎర్రగా ఉంది.

"ఏ గుండీ అమ్మాయ్?" అంది పెద్దక్క.

"పదో గుండీ. ఈ విల్లాలోది."

"నేను చూడనే లేదే!"

"చూడలేదా? పొద్దున ఐదింటికే లేచి ఈ గదంతా తుడిచిందెవరు? పక్క సర్దిందెవరు? నేను ఎనిమిదింటికి వచ్చేసరికి గది అద్దంలా ఉంది. ఇంక నాకేం మిగిల్చారని?"

'నేను వచ్చేసరికి గది అద్దంలా ఉంది.' ఇంచుమించు ఈ మాటే ఇదివరకు ఎవరో అన్నట్టు, తను విన్నట్టు పెద్దక్కకు అనిపించింది. ఎవరన్నారో, ఎప్పుడన్నారో గుర్తురాలేదు.

ఆ మాటకొస్తే పెద్దక్క తప్పు మాత్రం ఏముంది చెప్పండి! ముప్ఫై ఏళ్ళుగా ఈ దీవిలోని రిసార్టులో పక్కలు, తెరలు, తువ్వాళ్ళు అన్నీ ఆమె చేతి కిందే. వంటవాళ్ళ దగ్గర్నుంచి తోటవాళ్ళ దాకా అందరికీ ఆమె పెద్దక్కే. నెలాఖరుకు రిటైరవుతోందని, యాజమాన్యంవాళ్ళు ముచ్చటపడి మొగుడూ పెళ్ళాలిద్దరికీ నీళ్ళమీది విల్లాలో మూడు రోజుల విశ్రాంతి కానుకగా ఇచ్చారు. చెక్కవంతెన చిట్టచివర ఉంటుందది. చుట్టూ సముద్రం, పక్కన ఇంకో ఇల్లు లేదు, పలకరించే మనిషి లేడు. అందులో ఒక్క రాత్రి పడుకోవాలని జనం ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి వస్తారు. పెద్దక్క మాత్రం మొదటి రాత్రి గడిచాక చీకటితోనే మేలుకుని, నలిగిన దుప్పటి చూసి ప్రాణం ఉసూరుమని, మొగుణ్ణి పక్కకు దొర్లించి మరీ సర్దేసింది.

ఆ గుండీల పరీక్ష కూడా ఆమె పెట్టిందే. పనిలోకి కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా ఒక్కో గదిలో ఒక్కో ఎర్ర గుండీ ఎక్కడో దాచేది. మూలమూలా తుడిచినవాళ్ళకు దొరుకుతుంది. పైపైన దులిపి బయటపడేవాళ్ళకు దొరకదు. ఇప్పుడు హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేడమ్‌కు ఈ పద్ధతి తెగ నచ్చేసింది. నిన్న సాయంత్రం అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు పది విల్లాల్లో పది గుండీలు తన చేత్తోనే దాచింది. ఇవాళ నాలుగు గంటల పడవకు ఆవిడ వెళ్ళిపోతుంది. ఈలోగా పదీ తెచ్చి చూపిస్తే పెద్దక్క చేసిన ఉద్యోగం కోడలిది. లేకపోతే బయటినుంచి ఎవర్నో తెచ్చుకుంటారు. ఆ ఉద్యోగంతోపాటే వాళ్ళుంటున్న క్వార్టర్సు కూడా పోతుంది.

"అమ్మాయ్, నాకు గుండీ దొరికితే దాచుకుంటానా? నాకేం పొయ్యేకాలం?"

"మీకెందుకో మీకే తెలియాలి. మీ తర్వాత ఇక్కడ ఎవరూ మీ అంత బాగా చెయ్యకూడదు. అంతేగా!"

"ఎంత మాటన్నావ్!"

"అనాల్సి వచ్చింది. ఆరేళ్ళ నుంచి చూస్తున్నాను అత్తయ్యా. నేను తోమిన గిన్నె మీరు మళ్ళీ తోముతారు. నేను మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెడతారు. నేను చూస్తుండగా కూడా కాదు, నేనటు తిరిగాక. ఒక్కసారన్నా బాలేదని నోటితో చెప్పారా? చెబితే నేర్చుకునేదాన్నిగా!"

పెద్దక్క కళ్ళు ఆ కాగితం మీదికి పోయాయి. ఏ గది తుడిస్తే ఆ గడిలో టిక్కు పెట్టే పట్టీ అది. పదో గడిలో టిక్కు కనిపించింది.

"ఇదేంటిది? గది తుడవకుండానే టిక్కు పెట్టావా?"

కోడలు ఒక్క క్షణం తడబడింది. "పెట్టాను. శుభ్రంగానే ఉంది కదా అని, ఒళ్ళు మండి పెట్టేశాను. గుండీ గుర్తొచ్చి తిరిగొచ్చాను."

"తుడవని గదికి టిక్కు!"

"అవును, తప్పే. నన్నూ పడవెక్కించి పంపెయ్యండి, చిన్నత్తయ్యను పంపించినట్టు."

వాళ్ళింట్లో చిన్నత్తయ్య ఊసు ఎవరూ ఎత్తరు. పెద్దక్కకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమె కిందే పనిచేసేది. తుడవని గదికి టిక్కు పెట్టిందని పదకొండేళ్ళ కిందట పెద్దక్క ఆమెను అదే రోజు సాయంత్రం పడవ ఎక్కించేసింది. సొంత చెల్లెలినే వదల్లేదంటే ఇంకెవర్ని వదులుతుందని, ఆ రోజు నుంచి దీవిలో దొంగ టిక్కు పెట్టిన మనిషి లేడు. చెల్లెలు అవతలి ఒడ్డున బేకరీలో పనికి కుదిరింది. అక్కాచెల్లెళ్ళ మధ్య అరగంట ప్రయాణం. పదకొండేళ్ళలో ఇటునుంచి అక్క పోలేదు, అటునుంచి చెల్లెలు రాలేదు.

కోడలు వెనక్కి తిరిగి చెక్కవంతెన మీద టకటకా నడిచి వెళ్ళిపోయింది.

*

"అయిందా యుద్ధం?" అని వరండాలోంచి వినిపించింది.

వరండా అంటే మామూలు వరండా కాదు, నీళ్ళమీదికి సాగిన చెక్క అరుగు. అక్కడ తాళ్ళ ఉయ్యాలలో పెద్దక్క భర్త నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని ఉన్నాడు. రిసార్టు పడవ నడిపే సరంగు ఆయన. పెద్దక్కకు విశ్రాంతి ఎంత చేతకాదో ఆయనకు అంత బాగా చేతనవును. నిన్న మధ్యాహ్నం విల్లాలో కాలుపెట్టినప్పటి నుంచి రెండుసార్లు అనాసపండు ముక్కలు తెప్పించుకున్నాడు, మూడుసార్లు నిద్రపోయాడు, పడవ రేవు వైపు తల కూడా తిప్పలేదు.

"మీకేం, హాయిగా పడుకున్నారు. ఇక్కడ సంసారం తగలబడిపోతోంది."

"తగలబడితే చుట్టూ నీళ్ళేగా."

"చాల్లెండి సంబడం!"

ఈలోగా ఫోను మోగింది. జనరేటరు గదిలో పనిచేసే కొడుకు. వెనక ఇంజన్ల హోరులో గట్టిగా అరుస్తున్నాడు.

"అమ్మా! అది ఏడుస్తోందే! ఏమన్నావ్?"

"నేనేమీ అనలేదురా. అదే అంది."

"గుండీ నీ దగ్గరుంటే ఇచ్చెయ్యవే అమ్మా!"

"లేదురా నాయనా! నేను తీస్తే నాకు తెలియదా?"

కొడుకు, "ఏమోనే. నువ్వు పని చేసేటప్పుడు పిలిస్తే కూడా పలకవు కదా," అని పెట్టేశాడు.

పెద్దక్క మంచం కింద వెతికింది. తెరలు విదిలించింది. స్నానాల గదిలో రాయి రాయీ తడిమింది. ఎక్కడా లేదు. ఉండదని ఆమెకు తెలుసు, పొద్దున తను తుడిచిన గదిలో చీమ కూడా మిగలదు. మరైతే గుండీ ఏమైనట్టు?

సరంగు స్నానం చేసి, తలుపు వెనక వేలాడుతున్న తెల్లటి బాత్‌రోబ్ తగిలించుకుని వచ్చాడు. పళ్ళపుల్ల ఉంటుందేమోనని జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇదేంటే?"

ఆయన వేళ్ళ మధ్య ఎర్ర గుండీ.

ఆ రోబు పెద్దక్కది. పొద్దున చలిగాలికి వేసుకుని, అది ఒంటిమీద ఉండగానే గదంతా తుడిచింది. కుడి జేబు. ముప్ఫై ఏళ్ళుగా యూనిఫాం కుడి జేబు గుండీల జేబు. చెయ్యి దానంతటది గుండీ తీసింది, దానంతటది జేబులో వేసింది. తనకు తెలియనే లేదు.

మంచం అంచున కూలబడింది. "నేనే తీశానండీ. అది అన్నదే నిజమండీ. నేనే."

"ఏదో పొరపాటున జరిగింది. పట్టుకెళ్ళి ఇచ్చెయ్. గొడవ వదిలిపోతుంది."

"ఎలా ఇవ్వను? నా చేత్తో ఇస్తే అది నాకు దొరికిన గుండీ అవుతుంది. దానికి దొరికినట్టు ఎలా అవుతుంది?"

"మరి మేడమ్‌కు చెప్పు, నేనే తీశానని."

"అది టిక్కు పెట్టిందే! నేను తుడిచానని చెబితే అది తుడవలేదని చెప్పినట్టేగా."

సరంగు బుర్ర గోక్కున్నాడు. ఎటు చూసినా దారి మూసుకుపోయింది. ఆయన మళ్ళీ ఉయ్యాల వైపు చూశాడు కానీ, పెళ్ళాం ముఖం చూసి ఆగాడు.

పెద్దక్క గది నలుమూలలా చూసింది. దుప్పటి మీద ముడత లేదు. నేల మీద నలక లేదు. ఎప్పుడూ గర్వంగా చూసుకునే శుభ్రం ఇవాళ కంట్లో నలుసులా గుచ్చుకుంది. 'ఇంక నాకేం మిగిల్చారు' అంది కోడలు. నిజమే. ఏం మిగిల్చింది? ఇంట్లోనూ ఇంతే, ఇక్కడా ఇంతే. పాపం, పిల్ల ఆరేళ్ళుగా తువ్వాళ్ళు మడతపెడుతూనే ఉంది.

"ఏమండీ," అంది హఠాత్తుగా లేచి. "ఈ గది పాడుచెయ్యాలి."

"ఏంటీ?"

"వచ్చినవాళ్ళు ఎలా పాడుచేస్తారో అలా. రండి!"

*

పాడుచెయ్యడం అంత తేలిక అనుకున్నారా? పెద్దక్క దుప్పటి ఒక కొస పట్టుకుని లాగింది. లాగి, అలవాటు కొద్దీ మళ్ళీ అంచు సవరించింది.

"అదే వద్దన్నది!" అని సరంగు నవ్వాడు. "తప్పుకో, నన్ను చూడు." అంటూ అరవై ఏళ్ళ మనిషి దబ్బున మంచం మీద పడి అటూ ఇటూ దొర్లాడు. దిండ్లు రెండు కింద పడ్డాయి.

"అయ్యో, అయ్యో!" అంది పెద్దక్క, చేతులు అడ్డం పెట్టబోయి వెనక్కి తీసుకుంటూ.

"తడి తువ్వాలు మంచం మీద పడెయ్."

"తడిదా? పరుపు పాడవుతుందండీ!"

"పడెయ్యవే! ఎంతమంది పడేస్తే నువ్వు తియ్యలేదు? ఒక్కసారి నువ్వు పడేసి చూడు, ఎంత హాయిగా ఉంటుందో!"

కళ్ళు మూసుకుని పడేసింది. ఏమీ కాలేదు. ఇంకోటి పడేసింది. అనాసపండు పళ్ళెం మంచం మీదికి వచ్చింది. ఇద్దరూ దిండ్లకు జారగిలబడి తిన్నారు. రసం మోచేతుల దాకా కారింది. ఆయన చేతులు తెర అంచుకు తుడుచుకుంటుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళలో ఆ మంచం మీద ఆమె కూర్చోవడం అదే మొదలు. నిన్న రాత్రి పడుకుంది కదా అంటారేమో. పక్క నలుగుతుందని నిన్న రాత్రంతా ఒక కొసన కర్రలా బిగుసుకుని పడుకుంది.

"ఎంత మెత్తగా ఉందండీ!" అంది, కొత్తగా కనిపెట్టినట్టు.

"ఇప్పటికి తెలిసిందా?"

ఇక గుండీ మిగిలింది. మేడమ్ ఎక్కడ దాచిందో అక్కడే పెట్టాలి. తనకు నచ్చిన చోట పెడితే అది వేరే పరీక్ష అవుతుంది. కానీ తన చెయ్యి ఎక్కడినుంచి తీసిందో తనకు గుర్తుంటేగా!

పెద్దక్క రోబు వేసుకుంది. చేతిలో గుడ్డ పట్టుకుంది. కళ్ళు మూసుకుని గుమ్మం దగ్గర నిలబడి, పొద్దున చేసినట్టే మొదలుపెట్టింది. తలుపు పైన. అద్దం చుట్టూ. కిటికీ పట్టె. మంచం తలవైపు. పక్కనున్న దీపం. ఎడమ చెయ్యి దీపాన్ని ఎత్తింది, కుడి చెయ్యి కింద తుడిచింది, ఆ కుడి చెయ్యే నేరుగా జేబులోకి పోయింది.

కళ్ళు తెరిచింది. "ఇక్కడండీ! దీపం కింద!"

గుండీని దీపం కింద పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ వాడని బోర్డు, 'గది శుభ్రం చేయండి' అన్నది, తలుపుకు తగిలించింది. ఫోను తీసి, గొంతు సవరించుకుని, "నీళ్ళమీది విల్లా నుంచి మాట్లాడుతున్నానండీ. గది చాలా దారుణంగా ఉంది. ఎవరినైనా పంపండి," అంది.

అటువైపు ఫోను ఎత్తింది కోడలే. "వస్తున్నానండీ," అంది.

*

ట్రాలీ తోసుకుంటూ వచ్చిన కోడలు గుమ్మంలో కొయ్యబారిపోయింది. మంచం, తువ్వాళ్ళు, పళ్ళెం, కింద దిండ్లు. అత్తయ్య ముఖంలోకి చూసింది. ఆరేళ్ళ కాపురంలో అత్తగారు ఒక గ్లాసు పక్కకు పెట్టి మరిచిపోవడం కూడా చూసి ఎరగదు.

"ఏమైంది అత్తయ్యా? ఒంట్లో బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది. నేను బయట కూర్చుంటాను. నీ పని నువ్వు చేసుకో."

అరుగు చివర కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టింది. చెప్పడం తేలిక, కూర్చోవడం కష్టం. వెనకనుంచి ఒక్కో చప్పుడూ చెవిలో పడుతూనే ఉంది. ముందు కిటికీలు తీసిన చప్పుడు. తనైతే ముందు పక్క సర్దుతుంది. తర్వాత స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. అది చివరగా కదా చెయ్యాలి!

"ముందు పక్క కదటండీ..." అంది లోగొంతుకతో.

"నువ్వు చేపల్ని చూడు," అన్నాడు సరంగు.

చేపల్ని చూసింది. చిన్నవి, నీలంవి, గుంపుగా ఆమె మడమల చుట్టూ తిరుగుతున్నాయి. ముప్ఫై ఏళ్ళు ఈ నీళ్ళమీద నడిచింది కానీ వాటిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. లోపల కోడలు ఏదో కూనిరాగం తీస్తోంది. పనిచేస్తూ పాడుతుందని పెద్దక్కకు ఇన్నాళ్ళూ తెలియదు. తన ముందు ఎప్పుడూ పాడలేదు. కాసేపటికి చెవులు రిక్కించడం మానేసింది. గాలి హాయిగా ఉంది. కునుకు కూడా పట్టేదేమో.

రాగం ఠక్కున ఆగింది.

కోడలు అరుగు మీదికి వచ్చింది. చాచిన అరచేతిలో గుండీ.

"దొరికిందా! చూశావా మరి, దొరక్క ఎక్కడికి పోతుంది!" అంది పెద్దక్క మరీ ఎక్కువ ఆశ్చర్యపోతూ.

కోడలు నవ్వలేదు. గుండీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వేళ్ళు విడదీసింది. అది వేలికి అంటుకునే ఉంది.

"జిగురుగా ఉంది అత్తయ్యా. అనాసపండు రసం. నిన్న సాయంత్రం దాచిన గుండీకి ఇవాళ్టి రసం ఎలా అంటింది?"

సరంగు ఉయ్యాలలో అటువైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. పెద్దక్క నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. చెప్పక తప్పింది కాదు.

"నేనే తీశానమ్మా. ఒట్టు, తెలిసి తియ్యలేదు. చెయ్యి తీసింది. జేబులో దొరికాక తెలిసింది. ఎక్కడిది అక్కడే పెట్టాను. నీ గది నీకిద్దామని."

కోడలు మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. తనూ నీళ్ళలో కాళ్ళు పెట్టింది.

"గదంతా పాడుచేశారా నాకోసం?"

"మీ మావయ్య సాయం చేశారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అంతలోనే కోడలు లేచి నిలబడింది.

"మూడున్నరయింది. మేడమ్‌కు చెప్పేసి వస్తాను."

"ఏమని? పదీ దొరికాయని చెప్పు, చాలు."

"పొద్దున తుడవకుండా టిక్కు పెట్టానని కూడా చెబుతాను."

"నీకేమైనా పిచ్చా? గది తుడిచావు, గుండీ దొరికింది. ఇంకేం కావాలి?"

"టిక్కు పెట్టేనాటికి తుడవలేదుగా. తుడవని గదికి టిక్కు పెట్టకూడదని నేర్పింది మీరే. ఈ ఉద్యోగంలో కూర్చుని రేపు ఇంకొకరికి ఆ మాట నేనెలా చెప్పను?"

ఆపబోయేసరికి వెళ్ళనే వెళ్ళింది. పెద్దక్క రోబుతోనే, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా, వెనకే పరుగెత్తింది.

*

రేవులో పడవ ఇంజను అప్పటికే వేశారు. మేడమ్ లోపల కూర్చుని ఉంది. పది గుండీలు చేతిలో పడగానే ఆవిడ ముఖం విప్పారింది.

"పదీ దొరికాయే! శభాష్!"

"దొరికాయి మేడమ్. కానీ ఒక మాట చెప్పాలి."

కోడలు చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. అత్తగారి మీద కోపం వచ్చిందని, కోపంలో టిక్కు పెట్టానని, గుండీ మధ్యాహ్నం దొరికిందని చెప్పింది. మేడమ్ ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. ఆవిడ పెద్దక్క వైపు తిరిగింది.

"అమ్మా, ఈ రూలు మీదేనట. దొంగ టిక్కు పెడితే అదే రోజు పంపించేసేవారట. మీ సొంత చెల్లెలినే పంపారని విన్నాను. ఇప్పుడు నా చోట మీరుంటే ఏం చేస్తారు?"

పెద్దక్క కోడలి వైపు చూసింది. అదే రేవు. అదే చెక్కమెట్టు. అక్కడే, సరిగ్గా కోడలు నిలబడ్డ చోటే, పదకొండేళ్ళ కిందట చెల్లెలు సంచీ పట్టుకుని నిలబడింది.

'నేను వెళ్ళేసరికి గది అద్దంలా ఉందక్కా. ఎవరు తుడిచారో నాకు తెలియదక్కా. తుడిచే ఉంది కదాని టిక్కు పెట్టాను.'

ఆ మాట ఎవరిదో ఇప్పుడు గుర్తొచ్చింది.

'నీ గది నీకోసం ఎవరు తుడుస్తారే? దయ్యాలా?' అంది తను. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఆ గదిలో గుండీ కూడా దొరకలేదు. ఆ వారం యూనిఫాం ఉతుకుతుంటే కుడి జేబులోంచి ఒక ఎర్ర గుండీ రాలింది. ఇన్ని గుండీల్లో ఇదొకటి అనుకుని డబ్బాలో పడేసింది తను. ఆ రోజుల్లో కూడా చీకటితోనే లేచేది. కనిపించిన గదిలోకల్లా దూరి తుడిచేసేది.

అయ్యో! దాని గదీ తనే తుడిచింది.

"మేడమ్," అంది. పడవ వైపు ఒక అడుగు వేసింది. మళ్ళీ అంది. "మేడమ్, ఆ గది తుడిచింది నేను. అప్పుడూ నేనే."

"అప్పుడంటే?"

"మా చెల్లెల్ని పంపించిన రోజు," అంది పెద్దక్క. "ఈ పడవలో ఇంకొకరికి చోటుందా?" అంది.

కోడలు ముందు తెల్లబోయింది. తర్వాత అర్థమై, అత్తయ్య మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికి కాదు, ఎక్కించడానికి. మేడమ్ గుండీలను గుప్పిట్లో బిగించి, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.

"మేడమ్, మరి నా సంగతి?" అంది కోడలు.

ఆవిడ గుప్పిలి వైపు చూసుకుంది. "దారిలో మీ అత్తయ్యతో మాట్లాడనీ," అంది.

తాడు విప్పేశారు. అప్పుడు వంతెన మీద సరంగు పరుగు పరుగున వచ్చాడు. ఒక చేతిలో పెద్దక్క చెప్పులు. వంగి పడవలోకి అందించాడు.

"నెమ్మదిగా పోనీ, లోపల మా ఆవిడుంది," అన్నాడు పడవ నడిపే కొత్తాయనతో. తర్వాత పెళ్ళాం వైపు చూశాడు. "ఏమే, ఇంకా ఒకటిన్నర రోజు విల్లా మనదే. రాత్రికి వచ్చేస్తావా?"

తెల్లటి రోబు గాలికి ఎగురుతుంటే పెద్దక్క రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"చెల్లి తలుపు తీస్తే రేపొస్తాను," అంది. "తియ్యకపోతే, తీసేదాకా గుమ్మంలోనే కూర్చుంటాను."